ఓబుళమ్మ గొర్రెలను ముట్టుకున్న రోజు

అరవై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకే మీకు చెబుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. కొమరోలు దగ్గరి మా ఊరు అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉంది. నేను కాపురానికి వచ్చి మూడు నెలలు. మామకు జ్వరమొస్తే ఆ రోజు గొర్రెలను నేనే తోలుకుపోయాను. ఎండకు తాళలేక చెట్టు కింద కూర్చుని కునుకు తీశాను. మంద కోసిన జొన్నచేలోకి దూరి, వానల్లేక వాడిన పిలకలు మేసింది. అవి తింటే గొర్రె బతకదని మాలో పసిపిల్లలకూ తెలుసు.

పక్క చేలోంచి ఓబుళమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను లేపింది. ఆమెకు మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆమె చేను మీద మరిదికి ఎప్పటినుంచో కన్ను. ఇద్దరం కలిసి గొర్రెలను తోసి బయటికి తోలాం. అయినా ఇల్లు చేరేలోపే పదకొండు పడిపోయాయి.

చేతబడి అన్నాడు ఆ మరిది. కరువుతో కాలిపోతున్న ఊరు వెంటనే నమ్మింది. ఓబుళమ్మ జరిగింది చెప్పింది. మామ నన్ను పిలిచాడు.

"ఏమ్మా, ఆమె చెప్పేది నిజమేనా? గొర్రెలు జొన్నలో పడినాయా?"

"లేదు మామా."

"మరి ఆమె ఏంటికొచ్చినట్ల?"

"ఏమో. వచ్చి గొర్రెల్ని ముట్టుకునింది."

మంత్రానికి నోరు తిరగకూడదని ఆమె ముందుపళ్లు రాయితో రాలగొట్టారు. నేను దడి వెనక నిలబడి విన్నాను. మర్నాడు ఆమె ఊరు విడిచిపోయింది. చేను మరిది దున్నుకున్నాడు.

ఎందుకలా అన్నాను? కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదని నన్ను పుట్టింటికి తోలేస్తారని భయం. అంతేనా? ఆమె తరఫున అడిగే మనిషి లేడని కూడా నాకు తెలుసు. చేతబడిని నేను ఒక్కరోజూ నమ్మలేదు. నమ్మి కొట్టినవాళ్లకన్నా నేను నయమని ఎలా అనుకోగలను?

కొన్నేళ్లకు గిద్దలూరు బస్సులో ఓబుళమ్మ నా ఎదుట కూర్చుంది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాతి ఊళ్లో దిగి, మిగిలిన దారంతా నడిచాను.

మామ పోయాడు. ఆ మరిదీ పోయాడు. ఓబుళమ్మా పోయిందని విన్నాను. ఊళ్లో ఇప్పటికీ ఆమె పేరు చెప్పి పిల్లలను భయపెడతారు. ఆ మాట విన్నప్పుడల్లా లేచి లోపలికి పోతాను. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

గొర్రెలు జొన్నలో పడ్డాయి. నేను నిద్రపోయాను. ఓబుళమ్మ వాటిని కాపాడటానికి వచ్చింది.