యెరికో గుడ్డివాళ్ళు, ఖమ్మం అమ్మాయి

కెనడాలో మా విండ్సర్ తెలుగు క్రైస్తవ సహవాసంలో నన్ను నమ్మేవాళ్ళు తక్కువ. నది గడ్డకట్టిన ఏడాది దాని మీదుగా అమెరికా ఒడ్డున డెట్రాయిట్ దాకా నడిచివెళ్ళి టీ తాగి వచ్చానని చెప్పాను, అప్పటినుంచీ ఇదే వరస. అందుకే ముందుగా బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. ప్రమాణాలు చేయకూడదని అదే బైబిల్లో ఉందనుకోండి.

ఇక్కడి కాలేజీల నిండా మన పిల్లలు దిగిన రోజులవి. ఆరాధనకు వచ్చేవాళ్ళలో సగానికి పైగా విద్యార్థులే. కార్లు లేనివాళ్ళను నేను ఎక్కించుకొచ్చేవాణ్ణి. వాళ్ళలో ఖమ్మం అమ్మాయి ఒకతె. ఒక ఆదివారం బైబిలు స్టడీలో లేచి అడిగింది.

"యెరికో కాడ యేసయ్య ఇద్దరు గుడ్డోళ్ళకు చూపు ఇచ్చిండని మత్తయి తన సువార్తల రాసిండు. మార్కేమో ఒక్కడే అంటడు. ఎవరిది కరెక్టు అయ్యగారూ?"

అయ్యగారంటే మా పాస్టరు, కార్ల ప్లాంటులో చేసి రిటైరైన మనిషి. "రెండూ కరెక్టేనమ్మా. వాక్యంలో తప్పుండదు. ఉందన్నవాళ్ళే నిరూపించాలి."

"లెక్క తేడా కనిపిస్తనే ఉంది గద."

నా నోరు ఊరుకోదు. "ఇద్దరున్న చోట ఒకడు ఉన్నట్టే కదమ్మా. రెండోవాడు లేడని మార్కు అన్నాడా? ఎక్కడన్నాడో చూపించు."

హాలంతా ఆమెన్ అంది. అమ్మాయి కూర్చుంది. ఆ పూట నాకు బిర్యానీ రెండోసారి అడక్కుండానే వడ్డించారు.

మరుసటి ఆదివారం కారెక్కుతూనే ఇమిగ్రేషన్ వాళ్ళ లెటరు ఒకటి నా చేతిలో పెట్టింది. చదువు పూర్తయి వర్క్ పర్మిట్‌కు అప్లై చేసింది. డిగ్రీ తర్వాత ఒక ఏడాది బళ్ళో పాఠాలు చెప్పాననీ, ఇంకో ఏడాది అమ్మకు జబ్బు చేస్తే ఇంట్లో ఉన్నాననీ ఆ అప్లికేషన్లో నిజం రాసింది. ఇక్కడికి రావడానికి స్టడీ పర్మిట్ అడిగిన ఫారంలో మాత్రం రెండేళ్ళూ బళ్ళో చెప్పినట్టే ఉంది. గ్యాప్ కనిపించకూడదని హైదరాబాదు కన్సల్టెంటు పూడ్చేశాడు, ఈమె చదవకుండా సంతకం పెట్టింది. రెంటికీ పొంతన లేదు, ఏది నిజమో ఆధారాలతో చూపించండి, లేకుంటే తిరస్కరించవచ్చు అని ఆ లెటరు.

"మార్కు తరఫున చెప్పినట్టే నా తరఫున గూడ చెప్పండి అంకుల్. రెండేండ్లున్న కాడ ఒక ఏడాది ఉన్నట్టే గద."

నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. "ఆ బడినుంచి ఏదైనా కాగితం తెప్పించు" అన్నాను.

"కరోనాల బంద్ అయింది. సార్ ఫోన్ ఎత్తడు."

"ఆ కన్సల్టెంటు?"

"ఆఫీసే లేదంట ఇప్పుడు."

ఆరాధన అయ్యాక అయ్యగారికి చూపించాం. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. "ఇది వేరేనమ్మా."

"ఎట్ల వేరే? తప్పుందన్నోళ్ళే నిరూపించాలంటిరి గద."

ఆయన ప్రార్థన చేద్దామన్నారు. కళ్ళు మూసుకుంటే జవాబు చెప్పక్కర్లేదు. నేనూ మూసుకున్నాను.

ఆ వారం వివరణ రాయడానికి కూర్చున్నాను. నది దాటిన కథ పది రకాలుగా చెప్పగలవాణ్ణి, చదవకుండా సంతకం పెట్టిందన్న ఒక్క నిజాన్ని నమ్మేలా రాయలేకపోయాను. అయ్యగారు చదివి, "నువ్వు రాస్తే నిజం కూడా కథలాగే ఉందయ్యా" అన్నారు.

"అట్లనే పంపుదాం అంకుల్. ఇంకేమున్నది" అంది అమ్మాయి.

రెండు నెలలకు ఫోన్ చేసింది. "పర్మిట్ వచ్చింది అంకుల్. మార్కు గెలిచిండు."

ఇక ఒప్పుకుంటున్నాను. నది మీద నడక నిజమే, మీరు నమ్మకపోయినా సరే. నేను కల్పించింది ఆ ఫోన్ ఒక్కటే. వివరణ పంపాక ఆమె మళ్ళీ ఆరాధనకు రాలేదు, ఆమె నంబరు కూడా పనిచేయడం లేదు. వాంకూవర్ పక్కన సర్రీలో అక్క దగ్గరుందని ఒక రూమ్మేటు చెప్పింది. ఖమ్మం వెళ్ళిపోయిందని ఇంకో రూమ్మేటు చెప్పింది. రెంటికీ పొంతన లేదు. మూడో మనిషిని నేను అడగలేదు.