మా పెరట్లో పైకి లేచిన ట్యాంకు

భోజనానికి కూర్చున్నవారు ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి చదవండి. మండపేటలో, మా పెరట్లో, కేవలం నా తెలివితేటల కారణంగా పట్టపగలు జరిగిన ఘోరమిది.

అప్పటికి నేను ఉద్యోగం నుంచి కొత్తగా రిటైరయ్యాను. ముప్ఫై ఏళ్లపాటు రోజూ కాలువ నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాశాను. ఆనాటి నేను ఇప్పటి నాకంటే వయసులో చిన్నవాణ్ణి, గర్వంలో చాలా పెద్దవాణ్ణి.

మరునాడు మా మనవరాలి బారసాల. యాభైమంది చుట్టాలు వస్తున్నారు. ఇంట్లో మరుగుదొడ్డి ఒక్కటే. అదీ రెండు రోజులుగా పొంగుతోంది. పెరట్లో పాతించిన ప్లాస్టిక్ సెప్టిక్ ట్యాంకు నిండిపోయింది. దాన్ని తోడడానికి సింహాచలం గారు లారీతో వచ్చారు. వచ్చి, మూత తెరిచి, దూరంగా నిలబడ్డారు.

"ఏంటండీ, అరగంట నుంచీ అలా చూస్తా నిలబడ్డారు?"

"గాలి పోవాలండి. మీరూ అందులో తల పెట్టకండి బాబూ, ప్రాణం పోద్ది."

తరువాత ఆయన మా నూతిలోకి తొంగిచూశారు. నీళ్లు చేతికందేలా ఉన్నాయి.

"సగం తోడి ఆపేద్దామండి. నేలంతా ఊటగా ఉంది. మొత్తం తీసేస్తే ట్యాంకు పైకి లేచిపోద్దండి."

"లేచి ఎక్కడికి పోతుంది, యానానికా?"

"నవ్వులాట కాదండి."

"ముప్ఫై ఏళ్లు నీళ్లు కొలిచాను. నీళ్ల సంగతి నాకు చెప్తారా? నాకు అడుగు కనపడాలి!"

"ఆయ్, మీ ఇష్టమండి."

గొట్టం గుర్రుమంటూ చివరి చుక్క కూడా పీల్చింది. నేను దూరం నుంచే అద్దంతో లోపలికి ఎండ కొట్టించాను. అడుగు కనిపించింది! విజయగర్వంతో మా ఆవిడను కేకేశాను. ఆమె వచ్చేసరికి నేల గుబుక్కుమంది. మట్టి పగిలింది. నీటిలో పడుకున్న ఏనుగు లేచినట్టు ట్యాంకు నిదానంగా పైకి వచ్చింది. పైపు ఫటేలున విరిగింది. మీరు నమ్మరు, నేనూ నమ్మలేదు, అందుకే టేపు తెచ్చి కొలిచాను. రెండడుగుల మూడంగుళాలు.

"కొలవడం అయ్యాక చెప్పండి," అంది మా ఆవిడ, "రేపు ఆ యాభైమందినీ ఎక్కడికి పంపాలో!"

కాలువ నిండితే నేలలో నీరు పెరుగుతుందనీ, ఖాళీ డబ్బాను ఆ నీరే పైకి తోస్తుందనీ నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. సింహాచలం గారికి పుస్తకాలే లేవు. ఆయన ఒక్క మాటైనా ఎత్తిపొడవకుండా తువ్వాలు తలకు చుట్టుకున్నారు. ట్యాంకు చుట్టూ తవ్వారు. గుంటలో ఊరిన నీటినీ, జారిన బురదనూ తోడించారు. ట్యాంకులో మంచినీళ్లు కొద్దికొద్దిగా నింపుతూ, దాన్ని పసిపిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టినంత నెమ్మదిగా దించారు. కొత్త పైపు అతికించి, దానిపై అరచెయ్యి ఆనించి "వాలు సరిపోయిందండి" అన్నారు. నేను రహస్యంగా కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు.

సాయంత్రమైంది.

"ముందు మీరు వెళ్లండి," అంది మా ఆవిడ. "చుట్టాల మీద ప్రయోగం చెయ్యలేను."

"నేనా? ఇంతమంది ముందా?"

"మరి అడుగు చూడాలన్నది ఎవరు?"

వెళ్లాను. వీధిలో సగం మంది మా ప్రహరీగోడ మీదే ఉన్నారు. పని ముగించి బకెట్టు గుమ్మరించాను. అంతలో ట్యాంకు దగ్గర నుంచి సింహాచలం గారి కేక:

"వచ్చిందండీ! బ్రహ్మాండంగా వచ్చిందండీ!"

గోడ మీది జనమంతా చప్పట్లు కొట్టారు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన ఏ పనికీ అన్ని చప్పట్లు పడలేదు.

తలుపు తీయకముందే, ఖాళీ బకెట్టు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ సెప్టిక్ ట్యాంకు అడుగునూ చూడగోరను, ఎవరైనా బతిమాలి చూపించినా కళ్లు గట్టిగా మూసుకుంటాను.