ఎడారిలో తడి పాదాలు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ముఖం మీదే ఎగతాళి చేసేవాణ్ని. ఇప్పటికీ దెయ్యం అనే మాట వాడను. జరిగింది చెప్తాను, అంతే.

నేను గల్ఫ్‌లో, రుసైల్ అనే చోట పికప్ డ్రైవర్ని. పోయిన జూలైలో నేనూ, మా ప్రొద్దుటూరు ఖాజా కలిసి లోపలి ఎడారిలో ఉన్న సైట్‌కి పైపులు తీసుకెళ్తున్నాం. దగ్గరవుతుందని తారురోడ్డు వదిలి టైర్ల జాడలు పట్టుకున్నాను. కొంత దూరానికి ఇంజన్ వేడెక్కింది. బండి పాడైతే సూపర్‌వైజర్ ఊరుకోడని, తాగే నీళ్ళ క్యాన్ తీసి రేడియేటర్‌లో పోసేశాను. పది నిమిషాల్లో చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ఫోన్‌కి సిగ్నల్ లేదు.

ఎండాకాలంలో మధ్యాహ్నం సైట్లన్నీ ఆపేస్తారు, అందరూ రూముల్లో పడుకుంటారు. మూడున్నర దాకా మమ్మల్ని ఎవరూ వెతకరు. ఊపిరి పీలిస్తే ముక్కు లోపల కాలుతోంది. ఖాజా వాంతులు చేసుకుని బండి నీడలో ఒరిగిపోయాడు. మిగిలినవి అర సీసా నీళ్ళు.

"నువ్వు పోన్నా, రోడ్డు మింద ఎవురినన్నా పిల్చుకోని రా. నేనీడే ఉంటా," అన్నాడు.

వెళ్ళాను. సీసా నాతోనే తీసుకెళ్ళాను. వాడు చూస్తూనే ఉన్నాడు, అడగలేదు. అరగంటలో నీళ్ళన్నీ తాగేశాను. ఎటు చూసినా ఒకటే రాళ్ళ నేల, రోడ్డు జాడే లేదు. చచ్చిపోతానని భయమేసింది. ఏడుపొచ్చింది గానీ కన్నీళ్ళు రాలేదు.

అప్పుడు కనిపించింది, రాతి మీద ఒక పాదం గుర్తు. చెప్పుల్లేని పాదం, తడిగా ఉంది. అక్కడ నీళ్ళు చల్లితే క్షణంలో ఆవిరైపోతాయి. అరచెయ్యి ఆనించాను, చల్లగా తగిలింది. సిగ్గు విడిచి నాలుకతో నాకాను. మంచినీళ్ళే. ముందు ఇంకొకటి, దాని ముందు ఇంకొకటి. ఎక్కడో నీళ్ళున్నాయనుకుని వెంటపడ్డాను. ఖాజా నాకు గుర్తు కూడా లేడు.

అవి నన్ను మా బండి దగ్గరికే తెచ్చాయి. నీడ జరిగిపోయి, ఖాజా స్పృహ లేకుండా ఎండలో పడున్నాడు. లాగి బండి కిందికి తోశాను. పైపులు రాలేదని సైట్ వాళ్ళు మా టైర్ల జాడ పట్టుకుని నాలుగింటికి వచ్చారు. ఇంకాసేపు ఎండలో ఉంటే దక్కేవాడు కాదని డాక్టర్ అన్నాడు.

ఖాజా షూ లేసులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. నావీ అంతే. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. ఎండకి మెదడు చెదిరి అలా అనిపించి ఉంటుందని రూమ్‌లో వాళ్ళన్నారు. అయ్యుండొచ్చు. మరి దారి తప్పిన నన్ను బండి దాకా ఎవరు తెచ్చారో ఈ రోజుకీ నాకు తెలియదు.

ప్రతి శుక్రవారం ఖాజా మా రూమ్‌కొస్తాడు. నాకోసం తిరిగొచ్చావన్నా అని నా చెయ్యి పట్టుకుంటాడు. నేను వాడి కోసం రాలేదని ఇంతవరకూ చెప్పలేకపోయాను.