రోకలికి కట్టిన మట్టికప్ప

కప్ప ఎలా పుట్టి పెరుగుతుందో చిన్నపిల్లలకు చేతిపనితో నేర్పాలని కళ్యాణదుర్గంలో మా టీచర్లందరికీ శిక్షణ పెట్టారు. చెప్పడానికి వచ్చినాయన కృష్ణాతీరం మనిషి. కాగితం ప్లేటును నాలుగు భాగాలు చేసి, ఒకదాంట్లో సగ్గుబియ్యం అంటించి గుడ్లన్నాడు. తర్వాత నల్లమట్టి తోకకప్ప, దాని పక్కన కాళ్లొచ్చిన తోకకప్ప, చివర ఆకుపచ్చ కాగితం కప్ప. "ఇక పిల్లల్ని మీ ఊరి చెరువుకు తీసుకెళ్లి అసలు కప్పను చూపించండి" అన్నాడు.

"మా చెరువులో పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు సార్" అన్నాను.

"ఇంకా మంచిది. వాళ్లకు అలవాటైన చోటే కదా!" అని మెచ్చుకున్నాడు.

కుందుర్పి దగ్గర ఒక పల్లెలో ఒకటి, రెండు తరగతులకు నేను చెబుతాను. ప్లేట్లు పంచగానే సగం గుడ్లు పిల్లల నోళ్లలోకి వెళ్లాయి. గొర్రెలు మేపే వాళ్ల పాప ఒకతి మాత్రం కాగితం కప్ప వద్దంది. ఎండిన చెరువులోంచి మట్టి తెచ్చి, కొబ్బరికాయంత కప్పను చేసి, ఆకుపచ్చ రంగు పూసి ఎండబెట్టింది. కళ్లు కాస్త మెల్లకళ్లయ్యాయి గానీ, దాన్ని చూడడానికి పెద్దవాళ్లు కూడా బడికి వచ్చారు.

ఆ ఏడు వేరుశనగ వేసే అదను దాటిపోతున్నా చినుకు రాలలేదు. ఊళ్లో పెద్దాయనకు కప్పను ఊరేగించాలని తోచింది. పొలాలు, పార్టీ పదవి, ఇటుకల బట్టీ అన్నీ ఆయనవే. చెరువులోని ఒండ్రు ఏళ్ల తరబడి ఆ బట్టీకే ట్రాక్టర్లలో పోయింది. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఇల్లిల్లూ తిప్పితే, ఆడవాళ్లు దానిమీద నీళ్లు పోయాలి. అప్పుడు వాన పడుతుంది. పొద్దుటినుంచి మనుషులు వెతికినా ఒక్క కప్ప దొరకలేదు. చివరికి ఆయనే మందితో బడికి వచ్చాడు.

"ఏమ్మా టీచరమ్మా, మీ ఇస్కూల్లో కప్ప ఉండాదంట గదా?"

"అది మట్టిదన్నా."

"మట్టిదైతే ఏమి? వినాయకున్ని మట్టితో చేస్తే మొక్కడం లేదా?"

"నా కప్ప ఇయ్యను. నీళ్లు పోస్తే కరిగిపోతాది" అంది పాప. ఆమె మాట విన్నవాళ్లు లేరు.

డప్పులతో ఊరేగింపు బయల్దేరింది. మేమూ వెనకాలే వెళ్లాం. మొదటి ఇంటావిడ అరగ్లాసు నీళ్లు చిలకరించి లోపలికి తిరిగింది.

"ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నారెవరో.

"కప్పకు పోసేదానికి నీళ్లుంటే నా పిల్లోళ్లకు పోసుకోనా? ట్యాంకర్ వచ్చి ఎన్నాళ్లాయె?" అందామె.

అలా చిలకరింపులతో కప్ప ప్రాణాలు దక్కించుకుంటూ పెద్దాయన ఇంటిదాకా వచ్చింది. ఆయనకు సొంత బోరు ఉంది. ఫోన్లు పైకి లేచాయి. ఆయన భార్య నిండు బిందె గుమ్మరించింది. కాళ్లు జారాయి, తల వాలింది, రంగు కారి రోకలి పచ్చబడింది. మిగిలిన ముద్దను పాప దగ్గరికి వెళ్లి చూసింది.

"మేడం, మళ్లా గుడ్డయిపాయె!"

మంది నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. "ఏం చదువులు చెప్తాండారమ్మా? ఒక కప్పను గట్టిగా చేసేది గూడా నేర్పలేరా?" అని నన్ను కసిరాడు. ఆ ఫొటోలే మా పై అధికారులకు చేరి, ఊరంతటినీ చదువులో భాగం చేసినందుకు నాకు మెప్పు తెచ్చాయి.

చాలా ఆలస్యంగా ఒక వాన పడింది. అది తనవల్లే పడిందని పెద్దాయన మీటింగులో చెప్పుకున్నాడు. ఒండ్రు తవ్విన గుంతల్లో నీళ్లు నిలిచాయి, ఎక్కడ దాక్కున్నాయో కప్పలు బయటికొచ్చాయి. పాప నా కొంగు పట్టుకుని లాక్కెళ్లి, నల్లగా కదులుతున్న తోకకప్పలను చూపించింది. వాన మళ్లీ మొహం చాటేసింది. గుంతలు ఇంకిపోతుంటే ఆమె దిగులుపడి రోజూ వెళ్లేది. ఒకరోజు పిల్లలతో కలిసి, తోకకప్పలను ప్లాస్టిక్ సీసాల్లో పట్టుకెళ్లి, పెద్దాయన బోరు పక్కనున్న సిమెంటు తొట్టిలో వదిలేసింది.

కొన్ని వారాలకు ఆయన మళ్లీ బడికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎవురమ్మా మా తొట్లో కప్పలేసింది? ఇంట్లోకొచ్చి ఒకటే గెంతులు, కంటికి నిద్ర లేదు!"

పాప తల ఎత్తి నా వైపు చూసింది.

"నిన్న మళ్లా జల్లు పడింది గదన్నా, మీరు పిలిస్తే వచ్చినట్టుండాయి" అన్నాను.

వాన తనవల్లే పడిందన్న మనిషి కండువా సర్దుకుని వెనక్కి తిరిగాడు. మర్నాడు పిల్లలందరినీ ఆ తొట్టి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన భార్యే గేటు తీసింది. తోక ఇంకా పూర్తిగా పోని కప్పపిల్ల ఒకటి గట్టెక్కి కూర్చుంటే, పాప ఆమెకు పాఠం మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.