ఫెన్సింగ్ పనికి పోయిన ఇద్దరం

"మేడం పోయింది బిడ్డా. గుండె ఆగిందట. తమ్ముడొచ్చి నిన్ననే వాళ్ల ఊరికి తీస్కపోయిండు."

ఎల్లారెడ్డిలో నేను చదివిన బడి నుంచి ఆయమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డిలో, పనిచేసే జిరాక్సు దుకాణంలో ఉన్నాను. నిన్ననే అంటే నాకు చివరిచూపు కూడా లేదన్నమాట. ఏం చేయాలో తోచక మిషన్ ఆపకుండా ఇంకో పది కాగితాలు తీశాను.

కబడ్డీ, ఖోఖో తప్ప ఎరగని మా బడికి రెండు సన్నటి కత్తులు, రెండు జాలీ ముసుగులు తెచ్చి ఫెన్సింగ్ నేర్పిన వ్యాయామం మేడం ఆమె. ఊళ్లో చుట్టాలెవరూ లేరు. అద్దె గది, బడి, మేము, అంతే. ఆటకు ముందు, ఆట అయ్యాక కత్తిని గడ్డం దాకా ఎత్తి ఎదుటివాళ్లకు సలాం చేయాలనేవారు. "సలాం లేకుంటే అది ఆట గాదు, కొట్లాట." వారం తిరక్కుండానే సగంమంది కొట్లాటే నయమని కబడ్డీకి పోయారు. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను.

తొమ్మిదో తరగతిలో ప్రాంతీయ పోటీలకు కామారెడ్డి వెళ్లాలి. తెలంగాణ ఉద్యమం రోజులు, ఏ బస్సు వస్తుందో ఏది రాదో తెలియదు. ఆ పొద్దున రాలేదు. మేడం యూరియా సంచితో కుట్టిన కత్తుల సంచి పట్టుకుని ఇద్దరం రోడ్డు మీద నిలబడ్డాం. పొలాల చుట్టూ పాతే రాతి కడీలు, ముళ్లతీగ వేసుకుపోతున్న డీసీఎం వ్యాను ఒకటి ఆగింది.

"ఏడికి పోవాలె?"

"కామారెడ్డికి అన్నా. ఫెన్సింగ్ ఉంది" అన్నారు మేడం.

డ్రైవరు మొహం వెలిగింది. "గట్ల చెప్పుండ్రి! నేను గూడ ఫెన్సింగ్ పనికే పోతున్న. ఎక్కుండ్రి. ఆడోళ్లు గూడ కడీలు పాతుతున్నరా?"

నేను నోరు తెరవబోతే మేడం మోచేత్తో పొడిచారు. "పాతుతం అన్నా. గీ పిల్ల గుంతలు తవ్వుతది."

లింగంపేట దాటేదాకా ఆయన తీగ ఎట్లా బిగించాలో చెబుతూనే ఉన్నాడు. మేడం శ్రద్ధగా విని అనుమానాలు కూడా అడిగారు. బండి దిగాక కడుపు పట్టుకుని నవ్వారు. ఆమె అంతగా నవ్వగా నేను మళ్లీ చూడలేదు.

పోటీలో మొదటి ఆటలోనే ఒక్క పాయింటుతో ఓడిపోయాను. ముసుగు విసిరేసి, సలాం చేయకుండా బయటికొచ్చాను. మేడం వెనకే వచ్చారు.

"ఓడుడు తప్పు గాదు బిడ్డా. చెప్పకుంట పోవుడు తప్పు."

చేయి పట్టుకుని తీసుకెళ్లి ఆ అమ్మాయికి సలాం చేయించారు.

పది పూర్తయ్యాక కాలేజీకని కామారెడ్డి వచ్చాను. ఆట మానేశాను. మేడంకు చెప్పలేదు. "ఒక్కసారి వచ్చిపొమ్మను" అని ఆయమ్మతో రెండుసార్లు కబురంపారు. ఆమె ముందు నిలబడి 'నేనిక ఆడను' అనడానికి మొహం చెల్లక, రేపు రేపు అంటూ మూడేళ్లు గడిపాను. ఇంటికి వెళ్లినప్పుడు బడి వీధి తప్పించి నడిచేదాన్ని. ఇది రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

మొన్న ఆదివారం బడికి వెళ్లాను. ఆయమ్మ ఆటసామాన్ల గది తాళం తీసింది. గోడ మీద సుద్దతో గీసిన గుండ్రం ఉంది. దాని లోపలి సున్నమంతా కత్తి మొన తగిలి తగిలి రాలిపోయింది.

"నువ్వు పోయినంక ఎవ్వరు నేర్వలే. బడి ఇడిశినంక ఒక్కతే గీ గోడతోని ఆడేది. గోడకు గూడ సలాం జేసేది, పిచ్చి మేడం."

"అంత కిందికి గీసిందేంది?" అని అడిగాను.

"నీ ఎత్తుకు గీసింది గదనే."

గోడకు ఎదురుగా నిలబడ్డాను. గుండ్రం ఇప్పుడు నా గుండె కంటే బెత్తెడు కిందికి వచ్చింది. వట్టి చేతిని గడ్డం దాకా ఎత్తాను. ఎప్పుడు దించాలో తెలియక అట్లాగే ఉండిపోయాను.