కామారెడ్డి నుంచి వచ్చిన మేనేజరు

వేడెక్కిన నువ్వుల నూనెలో వాము వేసి, దింపాక చిటికెడు కర్పూరం నలిపితే లేచే వాసన మొన్న చాలా ఏళ్ల తర్వాత మా వంటింట్లో నిండింది. నాకూ మోకాళ్లు పట్టేసే వయసు వచ్చింది మరి. మందుల షాపులో దొరికే పూతమందు గొట్టాలన్నీ అయిపోయాక, అవ్వ చేసినట్టు చేసి చూద్దామని గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఆ ఘాటు ముక్కుకు తగిలీ తగలగానే కామారెడ్డిలోని ఈ అపార్ట్‌మెంటు వంటిల్లు పోయి, ఎల్లారెడ్డిలో మా పెంకుటింటి వసారా, గచ్చు మీద చాచిన గంగారాం కాక కుడికాలు, దాని పక్కన గొంతుక్కూచుని రెండు చేతులతో నూనె మర్దన చేస్తున్న మా అవ్వ కళ్లముందు నిలిచారు. అవ్వ ఆ కాలు పట్టడానికి వెనుక ఒక ఫుట్‌బాల్ జట్టు, ఊరంతా నడిచిన ఒక వాదన, కామారెడ్డి బస్సు కండక్టరు ఒకాయన ఉన్నారు.

మా ఊరికి ఫుట్‌బాల్ ఎట్లా వచ్చిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. నేను పుట్టేసరికి ఉంది, అంతే. చుట్టుపక్కల ఊళ్ల జట్లు రెండు గ్రూపులుగా ఆడేవి. బతుకమ్మ వెళ్లిపోయి, సీతాఫలాల గంపలు బస్టాండు ముందుకు వచ్చే రోజుల్లో పోటీలు మొదలయ్యేవి. చలికాలమంతా జొన్న రొట్టెల సెగ, కాల్చిన మక్క కంకుల పొగ, చెరుకు బండ్ల వెనుక పరుగెత్తి గడలు లాగే పిల్లల అరుపుల మధ్య ఆదివారానికొక ఆట చొప్పున సాగి, మోదుగులు ఎర్రగా పూసి హోలీ దగ్గర పడేసరికి ముగిసేవి. అప్పుడు పైగ్రూపులో చిట్టచివర మిగిలిన జట్టు కింది గ్రూపుకు దిగిపోవాలి. కింద గెలిచిన జట్టు పైకి రావాలి. మా ఎల్లారెడ్డి ఎన్నడూ దిగలేదు. దిగడమంటే ఏమిటో తెలియకపోయినా, అది ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు చేయడం లాంటిదని పిల్లలమంతా అనుకునేవాళ్లం.

మా బాపు బాలయ్య బస్టాండు ఎదురుగా దర్జీ దుకాణం నడిపేవాడు. జట్టుకు పసుపుపచ్చ అంగీలు కుట్టేది ఆయనే. అందుకే ఆట గురించి మాట్లాడాలనుకున్న వాళ్లందరికీ ఆ దుకాణం అరుగే కచేరీ. ఇస్త్రీపెట్టెలో బొగ్గుల వాసన, మిషన్ నూనె వాసన, ఎవరో ఒకరు ఊదుకుంటూ తాగే చాయ్ వాసన కలిసిన ఆ అరుగు కింద, కత్తిరింపు ముక్కలు మూటగట్టి దారంతో చుట్టిన బంతితో నేనూ నా స్నేహితురాళ్లూ ఆడుకునేవాళ్లం. గుడ్డ బంతి ఎగరదు, దొర్లదు, తన్నిన చోటే కూలబడుతుంది. అయినా పొద్దు గూకేదాకా దాన్నే తన్నేవాళ్లం.

నాకు పదేళ్లున్న ఆ ఏడాది జట్టు వరుసగా ఐదు ఆటలు ఓడింది. పాత మేనేజరు ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో కూర్చున్నాడు. ఒంటికేమీ కాలేదని, ఊరికి ముఖం చూపలేకపోయాడని అందరికీ తెలుసు. మిగిలినవి నాలుగే ఆటలు. అప్పుడు బాపు, మరో ఇద్దరు పెద్దలు వెళ్లి అడిగింది ఎవరినో తెలిసి ఊరు నోరు తెరిచింది. ఆయన పేరు రాజలింగం. కామారెడ్డి నుంచి మా ఊరికి వచ్చే బస్సు కండక్టరు. వయసులో ఉండగా కామారెడ్డి జట్టుకు ఆడిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో వెతుకుతున్నట్టు చూసేవాడు. మధ్యాహ్నం నాలుగింటికి ఆయన బస్సు వచ్చేది, ఐదున్నరకు తిరిగి వెళ్లేది. ఆ గంటన్నరలో ఖాకీ బట్టల్లోనే మైదానానికి వచ్చి, బస్సులో ఊదే ఈలతోనే ఆటగాళ్లను పరుగెత్తించేవాడు.

కామారెడ్డి మాకు పక్క ఊరే కాదు, పాత పోటీ కూడా. అందుకే వాదన రాజుకుంది. చెరుకు రైతు సాయిలు అందరికంటే ముందు లేచాడు. ఆయన ఒక్క ఆట కూడా వదిలేవాడు కాదు, గోల్ పడితే పక్కవాడి వీపు మీద గుద్దేవాడు. మా అరుగు మీద కూర్చుని సాయిలు తేల్చింది ఒక్కటే: కామారెడ్డోడికి మన మీద ప్రేమ ఎందుకుంటది, చివరి ఆట కామారెడ్డితోనే ఉంది, ఆ రోజు ఏం చేస్తాడో చూడండని. బాపు మిషన్ తొక్కుతూనే, ప్రేమ సంగతి తర్వాత, ఆట తెలిసిన మనిషి ఇంకెవరున్నారో చెప్పమనేవాడు. వాదన అరుగు మీద ఆగేది కాదు, బస్సెక్కేది. లింగంపేట సంతకు పోయేవాళ్లు, కామారెడ్డి ఆసుపత్రికి పోయేవాళ్లు సీట్లలో కూర్చుని కొత్త మేనేజరు పనికొస్తాడా రాడా అని గట్టిగా మాట్లాడుకుంటుంటే, ఆ మేనేజరే వాళ్ల మధ్యలోంచి టికెట్లు కొడుతూ పోయేవాడు. ఒక్కోసారి ఆగి, మీరు చెప్పిన ఆటగాడు ఎడమవైపు బాగా ఆడడు అని నెమ్మదిగా చెప్పి ముందు సీటుకు కదిలేవాడు.

వారం తిరగకముందే ఆ వాదన మా ఇంట్లోకే వచ్చింది. గంగారాం కాక మా బాపుకు తమ్ముడు, జట్టులో ఎప్పుడూ ముందుండి గోల్స్ కొట్టేవాడు. పెళ్లిళ్లకు పోతే ఆయన్ను చూడడానికే పిల్లలు చుట్టూ చేరేవారు. రాజలింగం సారు కాకను ముందు నుంచి తీసి వెనుక, గోల్ కీపరు ముందర నిలబెట్టాడు. కాక చోటులో గాంధారి దగ్గరి తండా నుంచి ఆటోలో వచ్చే మోహన్ అనే కొత్తవాణ్ని పెట్టాడు. కాక ఆ రోజు అంగీ విప్పి బాపు ముందు పడేసి పొలం వైపు వెళ్లిపోయాడు. ఇల్లు రెండు ముక్కలైంది. బాపు మేనేజరు పక్షం. అవ్వ చిన్నకొడుకు పక్షం. వారం రోజులు అవ్వ పెద్దకొడుకుకు పొయ్యి మీది రొట్టె పెట్టలేదు. రొట్టెల బుట్టలోంచి చల్లారినవి తీసి ఇచ్చేది. ఆయన కిక్కురుమనకుండా తినేవాడు. అమ్మ ఎవరి పక్షమూ కాకుండా ఇద్దరికీ పప్పు వడ్డించేది.

అప్పుడు అవ్వ ఒక రోజు ముతక చీర విప్పి మంచి చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, ఐదున్నర బస్సెక్కింది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. రాజలింగం సారు మా దగ్గరికి వచ్చి టికెట్ ఎక్కడికని అడిగాడు.

"నాకు ఏ ఊరూ లేదు. నీతోని మాట్లాడుదామనే ఎక్కిన. నా చిన్న కొడుకును ఎనుకకు ఎందుకు నూకినవ్?"

బస్సులో అందరూ మా వైపు తిరిగారు. వెనుక సీట్లో సాయిలు కూడా ఉన్నాడు. సారు మిగిలినవాళ్లకు టికెట్లన్నీ కొట్టి, తిరిగి వచ్చి, మా సీటు అంచున కూర్చుని, అవ్వకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా మాట్లాడాడు. మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాను కాబట్టి నాకూ వినబడింది.

"అవ్వా, గంగారాం బస్సెట్ల ఎక్కుతడో ఎన్నడన్న చూసినవా? ఎప్పుడూ ఎడమ కాలే ముందల పెడ్తడు. కుడికాలు మీద లేస్తలేడు. నెల దినాలసంది చూస్తున్న. ఆయన చెప్తలేడు. అందరి ముందల నేను అడుగుతలేను. ఎనుక ఉంటే ఉరుకుడు తక్కువ. ఆయన కండ్లు, ఆయన నోరు నాకు కావాలె."

అవ్వ బయటికి చూసింది. కిటికీలోంచి వరి కోసిన మళ్లు, కొయ్యకాళ్ల మధ్య కొంగలు, చెరుకు గానుగ దగ్గర లేస్తున్న తెల్లటి ఆవిరి వెనక్కి పోతున్నాయి. బెల్లం ఉడుకుతున్న వాసన బస్సంతా నిండిపోయింది. లింగంపేట వచ్చేదాకా అట్లాగే కూర్చుని, అప్పుడు అంది: "టికెట్ కొట్టు బిడ్డా. ఇద్దరికి."

లింగంపేటలో దిగి, ఎదురు బస్సులో ఇంటికి చేరిన ఆ రాత్రి అవ్వ చిన్నకొడుకును ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నూనె కాచింది. వసారాలో కూర్చోమంది. పంచె పైకి లాగి, ఉబ్బిన మోకాలు చూసి, అరచేతులు నూనెలో ముంచి మర్దన మొదలుపెట్టింది. కాక కాసేపు గోడ వైపు చూశాడు. ఎవరు చెప్పారని అడిగాడు. నువ్వు ఎక్కే బస్సు చెప్పిందని అవ్వ అంది. కాకకు అర్థమైంది. ఆ మనిషి తన లోపం కనిపెట్టి కూడా ఊళ్లో చాటకుండా, జట్టులోంచి తీసేయకుండా చోటు మార్చాడని గ్రహించి, మర్నాడు బాపు దగ్గర అంగీ తీసుకుని మైదానానికి వెళ్లాడు. ఆ పూట బాపుకు పొంగిన రొట్టె, వెన్నపూస దొరికాయి.

వెనుక నిలబడ్డ కాక వేరే మనిషి అయ్యాడు. పరుగెత్తే పని మోహన్‌కు అప్పజెప్పి, ఎవరు ఎటు పోవాలో అరిచి చెప్పేవాడు. కాక లేని ఆట ఓడాం కానీ, తర్వాతి రెండింటిలో ఒకటి గెలిచాం, ఒకటి సమం చేసుకున్నాం. అరుగు మీద సాయిలు గొంతు కాస్త తగ్గింది కానీ ఆగలేదు. ఎందుకంటే చివరి ఆట మిగిలే ఉంది, దాని లెక్క కూడా మరీ విచిత్రంగా పడింది. చివర మిగిలినవి మా జట్టు, కామారెడ్డి జట్టే. వాళ్లు గెలిస్తే మేం దిగుతాం. సమమైనా, మేం గెలిచినా వాళ్లు దిగుతారు. ఆట కామారెడ్డిలో. రాజలింగం సారు ఎటు తిరిగినా ఒక ఊరు ఆయన చేతుల్లో మునగాలి.

ఆ ఆదివారం ఊరు సగం కామారెడ్డిలోనే ఉంది. అవ్వ కూడా వచ్చింది. మైదానం గోడ మీద నన్ను కూర్చోబెట్టి, కింద తను చెప్పులు విప్పి నిలబడింది. తెల్ల సున్నంతో గీతలు గీస్తున్న పెద్దమనిషిని చూపించి, ఆయన రాజలింగం సారుకు సొంత అన్న అని బాపు చెప్పాడు. అన్నదమ్ములు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కామారెడ్డి వాళ్లు సారును చూసి పేరు పెట్టి అరిచారు, ఊరిని అమ్ముకున్నావన్నారు. ఆయన ఆ రోజు ఖాకీ వేసుకోలేదు. తెల్ల చొక్కా చేతులు మడిచి, గీత దగ్గర ఎండలో నిలబడ్డాడు.

మొదటి సగంలో మోహన్ గోల్ కొట్టాడు. సాయిలు నా పక్కన గోడనే గుద్దాడు. రెండో సగంలో కామారెడ్డి సమం చేసింది. ఆ తర్వాత అంతా మా గోల్ ముందే జరిగింది. కాక కుంటుతున్నాడు. చెయ్యెత్తి ఒకణ్ని ఇటు, ఒకణ్ని అటు నిలబెడుతున్నాడు. చివరికి కీపరు పడిపోయి గోల్ ఖాళీగా ఉన్నప్పుడు వచ్చిన బంతికి ఎదురుగా ఛాతీ పెట్టి, దానితోపాటే నేలకూలాడు. లేవలేదు. ఆయన ఇంకా కిందే ఉండగా ఆట అయిపోయిన ఈల మోగింది.

ఆట సమం, మేం దిగలేదు. మా వాళ్లంతా మైదానంలోకి దూకారు. నేను గోడ మీద నుంచి చూస్తున్నాను కాబట్టి అందరూ చూడనిది చూశాను. రాజలింగం సారు ముందు కాక దగ్గరికి వెళ్లి లేపాడు. తర్వాత మైదానం దాటి తన అన్న వైపు నడిచాడు. అన్న సున్నం డబ్బా తీసుకుని, తిరిగి చూడకుండా గేటు బయటికి వెళ్లిపోయాడు. సారు అక్కడే కాసేపు నిలబడ్డాడు. అవ్వ కూడా చూసింది.

మర్నాడు నాలుగింటి బస్సుకు అవ్వ సర్వపిండి చేసి, మోదుగాకులో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని బస్టాండుకు వెళ్లింది. సాయిలు అప్పటికే అక్కడున్నాడు. చేతిలో చెరుకు గడల మోపు. ఏం చెప్పాలో తెలియక దాన్ని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంటున్నాడు. బస్సు వచ్చింది. సారు దిగాడు. అవ్వ పొట్లం ఆయన చేతిలో పెట్టి, అన్న మాట్లాడాడా అని అడిగింది.

"లేదవ్వా. వదినె తలుపు తీసింది. అన్న గోడ దిక్కు మల్లి పండుకున్నడు."

"కొన్ని దినాలు ఉంటది. ఉండనియ్యి," అంది అవ్వ. సాయిలు గడల మోపు బస్సు మెట్టు మీద పెట్టి, మీ ఇంటికి, అని మాత్రం అన్నాడు.

ఆ వానకాలం వెళ్లాక, సీతాఫలాలు మళ్లీ వచ్చే రోజుల్లో, సారు మా దుకాణానికి వచ్చి కూర్చోకుండా నిలబడి, ఈసారి కామారెడ్డి జట్టును చూసుకుంటానని చెప్పాడు. అన్నే వచ్చి అడిగాడట. అరుగు మీద గొడవ మళ్లీ లేచింది. ముందే చెప్పానా లేదా అని సాయిలు అందరినీ అడిగాడు. అరుగు చివర చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అవ్వ తల ఎత్తింది.

"మన కోసం తన ఊరిని కిందికి దించుకున్నడు. మల్ల లేపుకుంటనంటే వద్దంటవా సాయిలూ?"

 పోయే ముందు సారు కాకను మైదానానికి తీసుకుపోయి, ఏ కుర్రాడికి ఏ కాలు బలం, ఎవరిని కోప్పడాలి, ఎవరిని కోప్పడకూడదో చెప్పాడు. ఆ ఏడాది నుంచి మా మేనేజరు గంగారాం కాక. ఊరు ఆయన మీదా వాదించింది. కామారెడ్డి ఒక్క ఏడాదిలోనే పైకి వచ్చింది.

ఇప్పుడు ఆ మైదానంలో ఇండ్ల ప్లాట్లు. అరుగు పోయి సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. అవ్వ లేదు, సాయిలు లేడు. రాజలింగం సారు కూడా రెండేళ్ల కిందట పోయాడు. ఆ పోటీలు ఎప్పుడు ఆగాయో ఎవరూ చెప్పలేరు. ఒక చలికాలం ఆడారు, మరుసటి చలికాలం ఎవరూ పిలవలేదు. ఆడినవాళ్లకు అదే చివరి ఆట అని తెలియదు.

మా అబ్బాయి సముద్రాలవతలి జట్టు ఒకటి కిందికి దిగిపోతుందని వారం నుంచి సరిగ్గా తినడం లేదు. కొత్తగా వచ్చిన మేనేజరు పనికిరాడని ఫోనులో పెద్ద పెద్ద మాటలు రాస్తున్నాడు. ఇవన్నీ ఆయన చదువుతాడా అని అడిగాను. నవ్వాడు, ఆయనకెందుకు కనబడతాయమ్మా అన్నాడు. మేం అన్న ప్రతి మాటా మా మేనేజరుకు వినబడేదని, అయినా మర్నాడు నాలుగింటికి మా ఊళ్లోనే బస్సు దిగేవాడని చెప్పాను. వాడు ఫోను పక్కన పెట్టి, అన్నం పెట్టమని కూర్చుని, తర్వాత ఏమైందని అడిగాడు.