అనపగింజలు ఎండకెక్కిన రోజు

ప్రేమలతకు తన పనిమీద ఉన్న ధీమా ఊరందరికీ తెలిసిందే. బిజినేపల్లి దగ్గరి ఆ ఊళ్లో చిక్కుడు జాతి అనపకాయ చలికాలంలో తప్ప దొరకదు. భర్త డేవిడేమో చలికి ముందే పుణెలో కట్టడాల పనికి పోయి, నడి ఎండాకాలంలో వస్తాడు. అనపగింజల కూరంటే పడిచచ్చే మనిషి, ఆరేళ్లుగా దాని రుచి చూడలేదు. ఈ ఏడు తినిపించి తీరతానని ఆమె పంతం పట్టింది.

తమ చెలకలో కాసిన కాయలు ఒలిచింది. గింజల్ని మసిలే నీళ్లలో రెండు నిమిషాలుంచి, వెంటనే కుండనీళ్లలో పోసి, పాత చీరమీద తడి ఆరబెట్టింది. పూటకు సరిపడా కవర్లలో నింపి, గాలి పిండేసి, ఫ్రిజ్‌లో ఐసు కట్టే పైఅరలో పెట్టింది.

"పోయినేడు తడితోనే పెట్టిన. రాయి లెక్క గడ్డకట్టినయి. ఈసారి చూడు అత్తమ్మా" అంది.

"ఐసుల పెట్టిన తిండి గూడ ఒక తిండేనా? ఎండబెట్టుకుంటే ఏడాదంత ఉంటయి" అంది అత్త జమ్ములమ్మ.

"ఎండిన గింజకు పచ్చి రుచి యాడికెల్లి వస్తది?"

ఆ వాదన మూడు నెలలు తెగలేదు. డేవిడ్ రావడానికి రెండు రోజులుందనగా పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. మర్నాటిదాకా కరెంటు రాదన్నారు. ప్రేమలత బెదరలేదు. ఫ్రిజ్‌కు బొంత చుట్టి, "తలుపు తెరవకుంటే సల్లదనం యాడికీ పోదు. జర ముట్టకు" అని చెప్పి ఉపాధి పనికి పోయింది.

తిరిగొచ్చేసరికి మిద్దెమీద చాప పరిచి ఉంది. చాప నిండా గింజలే. పక్కన జమ్ములమ్మ కొంగుతో కాకుల్ని తోలుతోంది.

"కొడుకు కోసం దాచినవి మురుగుతయేమోనని పానం ఆగలే బిడ్డా. ఇప్పుడే ఎండబోసిన."

ప్రేమలతకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. కరిగిన గింజను మళ్లీ దాచలేం. డేవిడ్ వచ్చేదాకా ఆగదు. అయినా ఆ ముసలామెను తిట్టడానికి నోరు రాలేదు. ఒక గింజ నలిపి చూసింది. తోలు ముడతపడింది గానీ లోపల పచ్చిగానే ఉంది.

"చెడిపోలే. ఈ పూటకే వండుత. నువ్వే తినాలె" అంది.

మొదటి ముద్దకే జమ్ములమ్మ నమలడం ఆపింది. "నిన్న తెంపినట్లే ఉందేంది!" అంది. మారు వడ్డించుకుంది. అంతలోనే కళ్లనీళ్లు పెట్టుకుంది. "కొడుకు నోటికాడిది తింటున్న."

సాయంత్రం డేవిడ్ ఫోన్ చేశాడు. కోడలు నోరు విప్పకముందే జమ్ములమ్మ ఫోన్ అందుకుంది. "నీకు పచ్చి గింజలు లేవురా. నేనే ఆగం చేసిన, నేనే తిన్న. నీ పెండ్లాం పని మంచిగనే చేసింది."

అవతల డేవిడ్ పకపకా నవ్వాడు. భార్యకు ఫోన్ ఇమ్మన్నాడు. "అమ్మ తిన్నది సరే. నువ్వు తిన్నవా?"

ఒలిచిన నాటి నుంచి ఒక్క గింజా నోట్లో వేసుకోలేదని ప్రేమలతకు అప్పుడు తట్టింది. ఫోన్ చెవికి ఆనించుకునే పొయ్యి దగ్గరికి నడిచింది.

"గిన్నెల ఇంకింత ఉంది" అంది మూత తీసి. "ఫోన్ పెట్టకు. తింట."